అత్తయ్య కంప్యూటరూ, బీరువా తాళంచెవీ

విద్యార్థులారా! మీ ఇంట్లో తాతయ్యో, అమ్మమ్మో, నాయనమ్మో ఉన్నారా? వాళ్ళ దగ్గర ఒక కంప్యూటరు ఉందనుకుందాం. అందులో అక్షరాలు హఠాత్తుగా చిన్నవైపోతేనో, ఏదో తెలియని బొమ్మ తెరమీదికొచ్చి ఎంతకీ పోకపోతేనో వాళ్ళు మొదట ఎవర్ని పిలుస్తారు? మీ నాన్నని కాదు. మిమ్మల్నే. అవునా? అందుకే ఈ వ్యాసం పెద్దవాళ్ళ కోసం కాదు, మీ కోసం రాస్తున్నాను.

మా మేనత్తకి 76 ఏళ్ళు. తణుకులో ఒక్కతే ఉంటుంది. ప్రాథమిక పాఠశాలలో టీచరుగా చేసి రిటైరయింది. వాళ్ళబ్బాయి అమెరికాలో ఉంటాడు. ఒకసారి వచ్చినప్పుడు తాను వాడుతున్న లాప్‌టాప్ కంప్యూటరుని ఆవిడకిచ్చి వెళ్ళాడు. అత్తయ్య దానికి అల్లిక గుడ్డ ఒకటి కుట్టి, పని లేనప్పుడు కప్పి ఉంచుతుంది. రోజూ పొద్దున్న పేపరు అందులోనే చదువుతుంది. రాత్రి కొడుకుతో మాట్లాడుతుంది.

2025 మే నెలలో ఒక సాయంత్రం ఆవిడ ఏదో పాత పాట కోసం వెతుకుతూ ఒక ప్రకటన మీద పొరపాటున నొక్కింది. అంతే! తెరంతా ఎర్రగా అయిపోయింది. అంబులెన్సులాగా కూత మొదలైంది. ‘మీ కంప్యూటరులో వైరస్ ప్రవేశించింది. ఆపివేస్తే ఉన్నదంతా పోతుంది. వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి’ అని పెద్ద అక్షరాలు. ఆవిడ గాభరాపడి ఫోను చేసింది. అవతలివాడు ఎంతో మర్యాదగా ‘అమ్మా, అమ్మా’ అంటూ ఒక ప్రోగ్రాము దించుకోమన్నాడు. దించుకోగానే తెరమీద బాణం గుర్తు తనంతట తానే కదలడం మొదలుపెట్టింది. బాగుచేసినందుకు రుసుము 10 రూపాయలేనన్నాడు. దాన్ని కట్టడానికి బ్యాంకు పేజీ తెరిపించాడు. అరగంటలో పెన్షను డబ్బు 42,000 రూపాయలు పోయాయి.

ఈ సంగతి ఆవిడ 11 రోజులు ఎవరికీ చెప్పలేదు. పన్నెండో రోజున చెప్పింది. ఎవరికో తెలుసా? నాకు కాదు, పదో తరగతిలో ఉన్న మా అమ్మాయికి. ఎందుకంటే అది తిట్టదు. నేను తిడతానని ఆవిడకి తెలుసు. నిజంగా తిట్టాను కూడా. ‘రోజూ పేపరు చదువుతావు, ఇలాంటి మోసాల గురించి అంతలా రాస్తున్నారు, నీకు తెలియదా అత్తయ్యా?’ అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. కంప్యూటరు మీద గుడ్డ కప్పేసింది.

ఆ రాత్రి కూర్చుని కంప్యూటరు విప్పి చూస్తే, తిట్లు తినవలసింది ఆవిడ కాదని తెలిసింది. ఎవరో, ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

తాళాల గుత్తి

కంప్యూటరులో ఒక సూత్రం ఉంది. మీరు నడిపిన ప్రోగ్రాము మీ అధికారంతోనే నడుస్తుంది. మీరు ఏ గదిలోకి వెళ్ళగలరో అదీ ఆ గదిలోకి వెళ్ళగలదు. ఇంటికి వంటవాడు వచ్చాడనుకోండి. అతనికి వంటింటి తాళం ఇస్తాం గాని బీరువా తాళంచెవి ఇవ్వం గదా! కానీ ఇంటావిడ ఇంట్లోకి వచ్చిన ప్రతివాడికీ మొత్తం తాళాల గుత్తి ఇచ్చేస్తూ ఉంటే? మా అత్తయ్య కంప్యూటరులో జరుగుతున్నది సరిగ్గా అదే. వాళ్ళబ్బాయి మొట్టమొదట కంప్యూటరు తెరిచినప్పుడు ఒకే ఒక ఖాతా పెట్టాడు. అది యజమాని ఖాతా, అంటే అడ్మినిస్ట్రేటరు. ఏ ప్రోగ్రామునైనా ఎక్కించగలదు, దేన్నయినా మార్చగలదు. అదే ఖాతాలో అత్తయ్య పాటలు వింటోంది, పేపరు చదువుతోంది. ఆవిడ నొక్కే ప్రతి నొక్కుకీ వెనక మొత్తం గుత్తి వేలాడుతోందన్నమాట. నాకు ఇది తెలుసు. ఏళ్ళ తరబడి చూస్తూ ఊరుకున్నాను.

గదులూ తాళాలూ అనే ఆలోచన కొత్తదేమీ కాదు. 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బాటో బృందం ఒకే కంప్యూటరుని అనేకమంది ఒకేసారి వాడుకునే ఏర్పాటు చేసి చూపించింది. ఆ రోజుల్లో కంప్యూటరంటే గదినిండా ఉండే యంత్రం, లక్షల డాలర్ల ఖరీదు. పదిమంది ఒకే యంత్రం వాడుతున్నప్పుడు ఒకరి పని మరొకరు చెడగొట్టకూడదు గదా! అందుకని ఎవరి ఖాతా వారిది, ఎవరి పాస్‌వర్డు వారిది అయింది. (ఆ యంత్రంలోనే ఒకరోజున రెండు ఫైళ్ళు తారుమారై, లోపలికి వచ్చిన ప్రతివారికీ స్వాగత సందేశానికి బదులు అందరి పాస్‌వర్డుల జాబితా కనిపించిందట. కోర్బాటో స్వయంగా చెప్పిన సంగతే ఇది. తాళాలు కనిపెట్టినవాళ్ళకీ తిప్పలు తప్పలేదు!)

1981లో ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు వచ్చింది. ఒక మనిషికి ఒక యంత్రం. ఇక గదులెందుకు, గోడలెందుకు అనుకున్నారు. ఆ లెక్క అప్పటికి సరైనదే. కాని 1990లలో ఇంటర్నెట్ వచ్చింది. గోడల్లేని ఆ ఇంటి తలుపు ప్రపంచపు వీధిలోకి తెరుచుకుంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గదులు కట్టారు గాని, ఎక్కించేటప్పుడు పెట్టిన ఖాతాలన్నింటికీ యజమాని హోదాయే ఇచ్చేశారు. 2007లో వచ్చిన విస్టా నుంచి, పెద్ద మార్పు చేసేముందు ‘చేయమంటారా?’ అని అడగడం మొదలైంది. అడిగితే ఏం లాభం? అవతల ఫోనులో మర్యాదస్తుడు ‘అవును నొక్కండమ్మా’ అంటుంటే ఆవిడ అవును నొక్కింది.

ఈ గోడ ప్రోగ్రాములో రాసుకున్న మాట మాత్రమే కాదు సుమా! ప్రాసెసరు చిప్పులోనే ఉంది. ఇంటెల్ వారి 80286 (1982), 80386 (1985) చిప్పుల నుంచి ఇంటి కంప్యూటర్లలోకీ ఈ ఏర్పాటు వచ్చింది. మామూలు ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు చిప్పు ఒక తక్కువ హోదాలో ఉంటుంది. ఆ హోదాలో కొన్ని ఆదేశాలను అది పాటించదు. ప్రోగ్రాము దొంగచాటుగా అలాంటి ఆదేశం ఇస్తే, చిప్పు దాన్ని అక్కడికక్కడే ఆపి ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగిస్తుంది. ఇది తోవలో కాపలావాడు దొంగని పట్టి ఠాణాకి అప్పగించినట్టు. గోడ చిప్పులో ఉన్నా, గోడలోని తలుపు తాళంచెవి మనమే చేతికిస్తే చిప్పు ఏంచేస్తుంది పాపం?

1975లో జెరోమ్ సాల్ట్జర్, మైకేల్ ష్రోడర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కంప్యూటరు రక్షణ గురించి ఒక వ్యాసం రాశారు. ప్రతి ప్రోగ్రాముకీ, ప్రతి మనిషికీ ఆ పనికి ఎంత అధికారం కావాలో అంతే ఇవ్వాలి, అంతకు మించి ఇవ్వకూడదు అన్నారు అందులో. నేనారోజు వెతికితే ఆ మర్యాదస్తుడు ఎప్పుడు కావాలంటే అప్పుడు తిరిగి రావడానికి మూడు ప్రోగ్రాములు పాతిపెట్టి వెళ్ళాడు. అత్తయ్యది మామూలు ఖాతా అయి ఉంటే అవి యంత్రం పునాదుల్లోకి దిగేవి కావు. డబ్బు మాత్రం పోయే ఉండేదేమో. ఆ సంగతి తరవాత చెబుతాను.

ఇటుకల గోడ

జూన్‌లో నేను కంప్యూటరుని ‘బాగుచేశాను’. పద్నాలుగు అక్షరాల పాస్‌వర్డు పెట్టాను. అందులో అంకెలు, చుక్కలు, నక్షత్రాలు. నెలనెలా మార్చాలన్నాను. రెండు నిమిషాలు ముట్టుకోకపోతే తెర మూసుకుపోయేట్టు చేశాను. తెలియని పేజీ ఏది తెరిచినా ‘వద్దు’ అనేట్టు చేశాను. చాలా గర్వంగా బస్సెక్కాను.

జూలై నాటికి అత్తయ్య కంప్యూటరు వాడటం మానేసింది. ఎందుకని అడిగితే, ‘ఒరే, దొంగలు రాకుండా గుమ్మానికి ఇటుకలు కట్టేశావు. మరి నేనెలా వెళ్ళనురా?’ అంది.

సాల్ట్జర్, ష్రోడర్ల వ్యాసంలో ఇంకొక సూత్రం కూడా ఉంది. రక్షణ ఏర్పాటు వాడేవారికి సులువుగా ఉండాలి, సరిగ్గా వాడటం అలవాటుగా జరిగిపోవాలి అని. మొదటి సూత్రం చదివి రెండోది వదిలేశాను నేను. పరీక్షలో మీరు సగం ప్రశ్న చదివి జవాబు రాస్తే నేను మార్కులు వేస్తానా?

దసరా సెలవులకి మా అమ్మాయిని వెంటబెట్టుకుని మళ్ళీ తణుకు వెళ్ళాను. ఈసారి మొదటిరోజంతా కంప్యూటరుని ముట్టుకోలేదు. ఆవిడ పక్కన కూర్చుని చూశాం. మీరూ ఇదే చేయండి. పెద్దవాళ్ళ చేతిలోంచి మౌసు లాక్కోకండి. చూస్తే ఎన్నో తెలుస్తాయి. ఆవిడకి కావలసినవి ఐదే పనులు: పేపరు, కొడుకుతో మాటలు, పాటలు, బ్యాంకు నిలవ, పాత స్నేహితురాళ్ళకి తెలుగులో ఉత్తరాలు. అంతే. ఇక కంప్యూటరు తెరమీద ఉన్న మిగతా ముప్పై ఏడు బొమ్మలూ ఆవిడకి ముప్పై ఏడు గుంటలు.

మరొకటి గమనించాం. ఆవిడ వరసగా రెండుసార్లు నొక్కలేదు. చెయ్యి సన్నగా వణుకుతుంది. మొదటి నొక్కుకీ రెండో నొక్కుకీ మధ్య బాణం పక్కకి జరిగిపోతుంది. కంప్యూటరు దాన్ని ‘బొమ్మని లాగుతున్నారు’ అనుకుని మరో చోట పడేస్తుంది. ఇన్నాళ్ళూ బొమ్మలు మాయమవుతున్నాయని ఆవిడ అంటే నేను నవ్వాను! ఒకే నొక్కుతో తెరుచుకునేట్టు మార్చాం. కళ్ళ సంగతి కూడా చూడాలి. వయసుతో కంటిలోని కటకం పచ్చబడుతుంది. కనుపాప చిన్నదై లోపలికి వెళ్ళే వెలుగు తగ్గుతుంది. కాబట్టి బూడిదరంగు మీద లేతనీలం అక్షరాలు మీకు అందంగా కనిపించవచ్చు గాని వారికి కనబడవు. తెల్లటి నేలమీద నల్లటి అక్షరాలు, ఒకటిన్నర రెట్లు పెద్దవి చేశాం. బాణం గుర్తునీ పెద్దది చేశాం.

ఇక యంత్రం. దానిలో ఉన్నది విండోస్ 10. దానికి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగుస్తుందని ముందే ప్రకటించారు. మద్దతు ముగియడమంటే ఆగిపోవడం కాదు. కొత్తగా బయటపడే కంతల్ని పూడ్చేవారు ఉండరన్నమాట. కంతలు పూడ్చకపోతే ఏమవుతుందో 2017 మే నెలలో లోకం చూసింది. వానాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ఎన్నో దేశాల్లో లక్షల కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దానికి చిక్కాయి. అది దూరిన కంతకి మందు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చేసింది! వేసుకున్నవారు బతికారు.

ఆ పాత లాప్‌టాప్ మీద విండోస్ 11 ఎక్కదు. పారేయాలా? అక్కర్లేదు. 1991లో ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్ ఉచితంగా దొరుకుతుంది. అందులో లినక్స్ మింట్ అనే రకాన్ని మా అమ్మాయి పెన్‌డ్రైవులోంచి ఎక్కించింది. (అంతకుముందే ఫోటోలన్నీ రెండు చోట్ల నకలు తీశాం. నకలు తీసిన డిస్కుని తీసి బీరువాలో పెట్టాలి. కంప్యూటరుకే తగిలించి ఉంచితే, ఫైళ్ళకు తాళం వేసే దుష్ట ప్రోగ్రాము నకలుకి కూడా వేస్తుంది.) మీ ఇంట్లో విండోస్ 11 ఉంటే లినక్స్ కోసం పట్టుబట్టకండి. ఏ వ్యవస్థ అయినా ఖాతాల సూత్రం ఒకటే. ఈ విషయంలో నాకు తెలిసిన కుర్రాళ్ళు క్రికెట్ జట్ల గురించి కొట్టుకున్నట్టు కొట్టుకుంటారు. అదంతా పెద్దవాళ్ళ యంత్రం మీద చూపించకూడదు.

రెండు ఖాతాలు పెట్టాం. ఒకటి యజమాని ఖాతా. ఏదైనా ఎక్కించాలన్నా తీసేయాలన్నా అది కావాలి. రెండోది అత్తయ్య రోజూ వాడుకునేది. దానిలో తెరమీద ఐదే బొమ్మలు, తెలుగులో పేర్లు. కంతలు పూడ్చే పని దానంతట అదే జరిగేట్టు పెట్టాం. ప్రకటనల్ని అడ్డుకునే చిన్న ఉపకరణాన్ని ఫైర్‌ఫాక్స్‌కి తగిలించాం. ఆ ఎర్రతెర వచ్చింది ప్రకటన లోంచే కదా!

బ్యాంకు పేరు వెతుకులాట పెట్టెలో కొట్టి వెతకడం మాన్పించాం. బొమ్మ నొక్కితే సరాసరి అసలు పేజీకే వెళుతుంది. చిరునామా చదవడం కూడా నేర్పాం. ఉత్తరం మీద చిరునామా ఎలా రాస్తాం? పేరు ముందు, వీధి తరవాత, ఊరు, జిల్లా చివర. ఏ ఊరి మనిషో తెలియాలంటే చివరి వరసలు చూడాలి. వెబ్ చిరునామా కూడా అంతే. ‘మాబ్యాంకు డాట్ లాభాలు డాట్ కామ్’ అని ఉందనుకోండి, అది మీ బ్యాంకుది కాదు, ‘లాభాలు’ అనేవాడిది. చిరునామా మొదట్లో జంట ఏటవాలు గీతలు ఉంటే వాటిని వదిలేసి, ఆ తరవాత వచ్చే మొదటి ఏటవాలు గీత ఎక్కడుందో చూసి, అక్కడినుంచి వెనక్కి చదవాలి. మన బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ తో ముగిసే పేర్లకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అత్తయ్యకి ఇది వెంటనే పట్టుబడింది. నలభై ఏళ్ళు పిల్లల చేత ఉత్తరాలు రాయించిన మనిషి మరి!

పాస్‌వర్డుల దగ్గర చిన్న లెక్క చూద్దాం. ఎనిమిది చిన్న ఇంగ్లీషు అక్షరాలతో ఎన్ని పాస్‌వర్డులు వస్తాయి? 26ని ఎనిమిదిసార్లు వేసి గుణించండి. సుమారు 20,882 కోట్లు. సెకనుకి 100 కోట్లు ప్రయత్నించే యంత్రం ఉంటే మూడున్నర నిమిషాల్లో అన్నీ అయిపోతాయి. ఇప్పుడు ఒక పాచికని ఐదుసార్లు వేయండి. 6ని ఐదుసార్లు గుణిస్తే 7,776 రకాలు. 7,776 మామూలు పదాల జాబితా ఉంటే, ఆ ఐదు వేతలు ఒక పదాన్ని ఎంచుతాయి. ఇలా ఐదు పదాలు ఎంచితే? అదే యంత్రానికి అన్నీ వేసి చూడ్డానికి సుమారు 900 ఏళ్ళు పడుతుంది. పదాలు తెలుగువి కావచ్చు, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టవచ్చు. కాని వాటిని పాచికే ఎంచాలి, మన మనసు కాదు. మనసు ఎంచితే పిల్లల పేర్లూ దేవుళ్ళ పేర్లూ వస్తాయి. ఆ సంగతి దొంగకీ తెలుసు. ఉత్తరాల ఖాతాకీ, యజమాని ఖాతాకీ ఇలాంటివి పెట్టి, ఒక నోటు పుస్తకంలో రాసిచ్చాం. పాస్‌వర్డు కాగితం మీద రాయకూడదని మీ కంప్యూటరు సారు చెప్పి ఉంటారు. ఆఫీసులో అది నిజమే. కానీ అత్తయ్యకి భయం ఎక్కడో సముద్రానికి అవతల ఉన్న దొంగతో. వాడు ఇంటర్నెట్ లోంచి చెయ్యిజాపి తణుకులోని నోటు పుస్తకం పేజీ తిప్పలేడు.

తాళం ఆపలేని దొంగ

ఇంత చేసినా ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆ ‘అమ్మా’ అన్న మనిషిని ఈ ఏర్పాట్లు పూర్తిగా ఆపలేవు. దూరం నుంచి తెర చూపించే ప్రోగ్రాములు కొన్ని, యజమాని ఖాతా అవసరం లేకుండానే నడుస్తాయి. అసలు కంప్యూటరే అక్కర్లేదు. ఫోనులో ‘మీరు డిజిటల్ అరెస్టయ్యారు, కదలకండి’ అని బెదిరించి డబ్బు పంపించుకుంటారు. అలాంటి అరెస్టు మన చట్టంలో లేనే లేదు. తన తాళంచెవితో తనే తలుపు తీసి డబ్బు ఇచ్చేస్తుంటే తాళం ఏంచేస్తుంది? వాళ్ళ ఆయుధాలు రెండే: తొందర, సిగ్గు. ముందు తొందరపెడతారు. తరవాత మన సిగ్గే వాళ్ళకి కాపలా కాస్తుంది.

డబ్బు పోయిన వెంటనే 1930 నంబరుకి ఫోను చేస్తే, ఆ సొమ్ము చేరిన ఖాతాని ఆపించే ప్రయత్నం చేస్తారు. కాసేపట్లోనే డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకి పరుగెత్తిపోతుంది కాబట్టి గంటలు ముఖ్యం. మా అత్తయ్యకి పోయినవి గంటలు కావు, 11 రోజులు. ఆ 11 రోజులూ ఆవిడ భయపడింది దొంగకి కాదు, నాకు.

అందుకని ఒక ఒప్పందం చేసుకున్నాం. ఎవరు ఏ తొందర పెట్టినా ఫోను పెట్టేసి, మా అమ్మాయికి చేయాలి. అది ఏ వేళయినా ఎత్తాలి. ఏం జరిగిందో విని, ‘ఎందుకలా చేశావు?’ అని మాత్రం అడగకూడదు. నేను మధ్యలో రాకూడదు. ఈ చివరి షరతు అత్తయ్యదే.

బయల్దేరేముందు యజమాని ఖాతా పాస్‌వర్డు నా దగ్గరే ఉంచుకుంటానన్నాను. అత్తయ్య ఒప్పుకోలేదు. ‘యంత్రం నాది, ఇల్లు నాది, నాకే తాళంచెవి లేకుండా చేస్తావా?’ అంది. న్యాయమే. రేపు నేను లేకపోయినా ఎవరైనా దాన్ని బాగుచేయాలి గదా! ఐదు పదాలూ కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, ఆవిడ బీరువాలో నగల పెట్టె కింద పెట్టాం. అవసరమైతే తప్ప విప్పకూడదనుకున్నాం.

2026 సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ కవరు తీసి చూశాను. విప్పి, మళ్ళీ అన్నం మెతుకులతో అంటించి ఉంది. ‘ఏం అత్తయ్యా, ఏమైనా అయిందా?’ అని గాభరాగా అడిగాను.

‘ఏమీ కాలేదు. తాళం కొనుక్కున్నాక చెవి పడుతుందో లేదో ఒకసారి తిప్పి చూసుకోనట్రా?’ అంది.